గోగు గుంట గట్టున మందు వాసన

నా జేబులో పెన్ను ఉండడం వల్ల ఒక పూట పెద్దమనిషినయ్యాను.

ఎవరైనా అనుమానంగా చచ్చిపోతే, శవాన్ని కోతకి పంపే ముందు పోలీసులు ఆ ఊళ్ళో నలుగురైదుగురు పెద్దమనుషుల్ని పోగుచేసి, వాళ్ళ ఎదుట శవాన్ని చూసి, మనిషి ఎలా పోయాడో వాళ్ళ అభిప్రాయం రాసుకోవాలి. దాన్ని శవ పంచనామా అంటారు. కొన్ని దేశాల్లో ఈ పనికని ప్రత్యేకంగా చదువుకున్న అధికారి ఉంటాడట. మనకి అంత ఆర్భాటం లేదు. గట్టు మీద ఎవరు ఖాళీగా నిలబడితే వాళ్ళే అధికారులు. గౌరవనీయులైన స్థానికులు అయి ఉండాలని చట్టంలో రాశారు. నేను స్థానికుణ్ణి. మిగతా సగం పెన్ను పూర్తిచేసింది.

మా ఊరు బొబ్బిలికీ రాజాంకీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఆపమంటే బస్సు ఆగుతుంది, ఆపమనకపోతే ఇక్కడొక ఊరుందని దానికి గుర్తుండదు. ఎచ్చెర్లలో పీజీ చదివి, ఉద్యోగం వచ్చేదాకా అని ఊళ్ళో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. "వచ్చేదాకా" అన్న మాట మా ఇంట్లో ఇప్పుడెవరూ వాడడం లేదు.

గోగు సంగతి తెలియనివాళ్ళకి ముందొక మాట చెప్పాలి. గోగు మొక్కల్ని కోసి, కట్టలు కట్టి, నీళ్ళ గుంటలో పడేసి, పైన రాళ్ళూ మట్టిపెళ్ళలూ బరువు పెట్టి కుళ్ళబెడతారు. బాగా కుళ్ళాక మనుషులు ఆ నీళ్ళలోకే దిగి, నడుం లోతున నిలబడి, పుల్ల నుంచి నార వలుస్తారు. గోనెసంచికీ మోకుకీ ఆ నారే. కంపు ఎలా ఉంటుందంటే, చచ్చిన ఎలుకా పులిసిన గంజీ పేడా ముగ్గురూ కలిసి ఒకే గదిలో కాపురం పెట్టినట్టుంటుంది. కార్తీకంలో గాలి అటునుంచి తిరిగితే మా ఊరి పూజ గదుల్లో అగరొత్తులు ఒకటికి మూడు వెలుగుతాయి. చూసేవాళ్ళు భక్తి అనుకుంటారు.

ఆ గుంటల్లో నార తీయడానికి మా చుట్టుపక్కల ఒకాయన పేరే చెప్పేవారు. మా ఊరి చివర బాప్టిస్టు చర్చి పక్క పేటలో ఉండేవాడు. ఒకప్పుడు ఆయనకి ఇంకో పేరు కూడా ఉండేది, తాగుడులో. నా చిన్నప్పుడు ఒకసారి మా అరుగు మీద పడుకుని, మా కుక్కకి సాయంత్రం దాకా కుటుంబ బాధ్యతల గురించి చెప్పాడు. కుక్క చివరి వరకు విన్నది. తర్వాత కొన్నేళ్ళకి బాప్తిస్మం తీసుకుని, ఆదివారం చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి, ఇక ముట్టనని సాక్ష్యం చెప్పాడు. మా ఊరు నమ్మలేదు. పందేలు కూడా కాశారు. ఆయన మాత్రం పాత సావాసగాళ్ళతో వైన్ షాపు పక్క కొట్టు దాకా వెళ్ళి, వాళ్ళు మందు తాగుతుంటే తను గోలీ సోడా తాగి, వాళ్ళకంటే గట్టిగా త్రేన్చి ఇంటికి పోయేవాడు. పందెం కాసినవాళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి విసుగెత్తిపోయారు.

నిరుడు కార్తీకంలో ఒక ఉదయం మా మావ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. మావంటే మా అమ్మ తమ్ముడు. గోగు వేసే రైతు.

"ఒరే అల్లుడా, బేగి గుంటకాడికి రా. ఎవుల్తోటీ సెప్పకు."

ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళేసరికి అక్కడ సగం ఊరుంది.

నార తీసే ఆయన గోగు కట్టల మధ్య బోర్లా తేలుతున్నాడు. నల్లటి నీళ్ళు, వాటి మీద సబ్బు నురగ లాంటి తెల్లటి తెట్టు, ఆ తెట్టులో ఆయన వీపు. ఈగలు అప్పుడే చేరాయి. మా మావ గట్టు మీద నిలబడి నుదురు తుడుచుకుంటున్నాడు. గుంటలో నీళ్ళు తగ్గితే నార నల్లబడుతుందని ఆయన బోరు మోటారు నుంచి గుంటకి నీళ్ళు పెడతాడు. కరెంటు స్తంభం నుంచి మోటారుకి వెళ్ళే తీగ ఆ గట్టు మీదనుంచే పోతుంది. తెగినచోటల్లా పాలిథిన్ సంచి చుట్టి, పైన టేపు వేసి, గోగు పుల్లలకి ఆనించి ఉంటుంది. ఒకచోట పుల్ల ఒరిగి తీగ నీళ్ళలోకి జారింది. ఈ మాట గట్టు మీద ఎవరూ అనలేదు. అందరూ అటు తప్ప అన్ని దిక్కులూ చూస్తున్నారు.

స్తంభం దగ్గరున్న డబ్బాలో ఉండాల్సిన కరెంటు ఫీజు లేదు. మావ చొక్కా జేబు మాత్రం ఉబ్బి ఉంది, పింగాణీ ఫీజు ఎంత ఉంటుందో అంత.

"జేబులో ఏటి మావా?"

"నోరు ముయ్యెహె."

శవాన్ని బయటికి తీయాలి. మా దగ్గర దానికొక పద్ధతుంది. చెయ్యి వేసేవాళ్ళకి మందు పోయించాలి. పోయించకుండా పిలవడం శవాన్ని కాదు, వచ్చినవాణ్ణి అవమానించడం కింద లెక్క. మావ కార్తీకం కాబట్టి మందు ముట్టడు, సీసాలు తెప్పించినప్పుడు కూడా మొహం పక్కకి తిప్పే అందుకున్నాడు. ఇద్దరు దిగారు. దిగే ముందు తలో గుక్క వేసుకుని, కాస్త అరచేతుల్లో పోసుకుని చమురులా రుద్దుకుని, ఇంకాస్త పుక్కిలించి గట్టు మీద ఉమ్మారు. ఆ ఉమ్మింది నా చెప్పు మీద పడింది.

శవాన్ని లాక్కొచ్చి టార్పాలిన్ మీద వెల్లకిలా పడుకోబెట్టారు. నేను చూసింది రాయకపోతేనే మంచిది, కానీ ఒకటి రాస్తాను: ముక్కులోంచి నురగ వస్తోంది. దాన్ని చూస్తూ ఒకాయన ఇంకొకాయనతో ఈసారి నారకి రేటు ఎలా ఉంటుందో అడుగుతున్నాడు.

దిగిన ఇద్దరిలో పెద్దవాడు చచ్చినాయనకి పాత సావాసగాడు. సీసాలో మిగిలింది పైకెత్తి చూసి, కళ్ళు తుడుచుకుని, శవం గుండె మీదా మూతి మీదా కొంచెం కొంచెం పోశాడు.

"ఇదిగో బావా, నీ వంతు. ఇన్నేళ్ళూ సోడా తాగించి నానొక్కడ్నే తాగినాను. కోపం పెట్టుకోకు."

ఎవరూ ఆపలేదు. పోయినవాళ్ళకి ఇష్టమైంది పెట్టడం మనకి అలవాటే కదా. ఆ ఇష్టాన్ని ఆయన ఎప్పుడో వదిలేశాడన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ తట్టలేదు. తట్టినా, ఏడుస్తున్న మనిషి చేతిలో సీసా ఎవరు లాక్కుంటారు.

తర్వాత హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. ఆయన వస్తాడని తెలిసి అప్పటికే మావ ఇంటినుంచి ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి, ఫ్లాస్కుతో టీ వచ్చింది. పేపరు కప్పుల్లో టీ, పక్కనే శవం, మధ్యలో ఈగల రాకపోకలు. అవి ఎక్కడ వాలి ఎక్కడికొస్తున్నాయో చూశాక కూడా అందరూ టీ తాగారు. నేనూ తాగాను. చల్లారిపోతుందని.

హెడ్డు గారు గుంటకి ఇరవై అడుగుల దూరంలోనే ఆగిపోయారు.

"ఓరి నాయనో, ఏటి కంపురా ఇది! ముక్కులూడిపోతన్నాయి. ఏదైనా ఉన్నాదా?"

ఉంది. సీసా వంచి ఆయన రుమాలు మీద పోశారు. ఆయన దాన్ని త్రికోణంగా మడిచి ముక్కుకి కట్టుకున్నారు. కళ్ళు మాత్రమే కనిపిస్తూ, బందిపోటులా దగ్గరికొచ్చి, కుర్చీలో కూర్చుని, సంచిలోంచి కాగితాలు తీసి, జేబులు తడుముకుని, "పెన్ను ఎవుడి దగ్గరున్నాది?" అన్నారు.

అలా జరిగింది.

నాతో కలిపి అయిదుగురం పెద్దమనుషులం తేలాం. మిగతా నలుగురూ మావకి ఏదో ఒక వరసలో చుట్టాలు. ఒకాయన వియ్యంకుడు, ఒకాయన పొలం సరిహద్దు. ఆ మాటకొస్తే నేనే అందరికంటే దగ్గరి చుట్టాన్ని. నిష్పక్షపాతంగా ఉన్నది టార్పాలిన్ మీద పడుకున్నాయన ఒక్కడే.

"రాయండి మాస్టారూ," అన్నారు హెడ్డు గారు రుమాలు లోపల్నుంచి. "సెక్షన్ నూట డెబ్బై నాలుగు."

"అది మారిపోయింది కదండీ. కొత్త చట్టంలో నూట తొంభై నాలుగు."

"శవం మారిందేటి? సరే, కొట్టీసి రాయండి."

కొట్టేసి రాశాను. మృతుని శవము తల తూర్పునకు, కాళ్ళు పడమరకు, వెల్లకిలా, నీలం టార్పాలిన్‌పై ఉన్నది. వంటిపై ఖాకీ నిక్కరు కలదు. మొలత్రాడు లేదు. కుడి మోకాలుపై పాత మచ్చ కలదు. బతికుండగా ఆయన గురించి ఎవరూ ఇంత శ్రద్ధగా రాసి ఉండరు. చేతులు చూడాలి అన్నాను. చేతుల నిండా బురదా నార పీచూ అంటుకుని ఉంది. హెడ్డు గారు కడగమనలేదు. "చేతులు బురదగా ఉన్నవి" అని రాయించి ముందుకెళ్ళిపోయారు.

తర్వాత శవం మీదికి కొంచెం వంగి, కట్టుకున్న రుమాలుతోనే గట్టిగా ఊపిరి పీల్చి, వెనక్కి జరిగారు.

"మృతుని నోటినుండియు, వంటినుండియు, మద్యం వాసన గట్టిగా వచ్చుచున్నది. రాయండి."

నేను మొహమెత్తి చూశాను. ఆయన కళ్ళలో ఏ కల్మషమూ లేదు. నిజంగానే వాసన వస్తోంది ఆయనకి. ఎంత రుమాలు కడితే అంత వస్తుంది.

తర్వాత మా అభిప్రాయం ఏమిటో మాకు చెప్పారు. "మృతుడు తాగిన మైకంలో కాలుజారి గుంటలో పడి ఊపిరాడక మరణించి యుండునని పంచాయతీదార్లమైన మా ఏకాభిప్రాయము." నలుగురూ తలలూపారు. మావ మొదటిసారి ఆ ఉదయం గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు, అంత కంపులోనూ. మా వైపు మనుషులు కాగితాల మీద రెండు రకాలుగానే చస్తారు: కడుపునొప్పి తాళలేక, తాగిన మైకంలో. రెండు చావులకీ చచ్చినవాడే బాధ్యుడు. మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళిపోవచ్చు.

ఆ రాత పూర్తయ్యేసరికి చచ్చినాయన భార్య వచ్చింది. పక్క ఊళ్ళో వేరే రైతు గుంటలో ఆవిడా నార తీస్తోంది. కబురు తెలిసి అట్నుంచి అటే పరిగెత్తుకొచ్చింది. మోకాళ్ళ పైదాకా అదే నల్లటి బురద. టార్పాలిన్ పక్కన కూలబడి కాసేపు ఏడ్చింది. ఆవిడకి ఎవరూ కుర్చీ వెయ్యలేదు, నీడలోకి రమ్మనలేదు. కుర్చీలు ఆరే తెచ్చారు, అయిదుగురు పెద్దమనుషులకీ హెడ్డు గారికీ సరిపోయాయి.

ఏడుస్తూ ఏడుస్తూ ఆవిడ ఒక్కసారి ఆగి, వంగి, భర్త మొహం దగ్గర వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"ఇదేటి?" అంది. "ఈ వాసనేటి?"

"అదే రాసుకున్నాం అమ్మా," అన్నారు హెడ్డు గారు దయగా. "తాగున్నాడు. తాగి పడ్డాడు."

"నా మొగుడు తాగడు."

"ఆడోళ్ళందరూ అలగే అంతారు."

"ఆడోళ్ళందరి సంగతి నాకేల? పొద్దున నా సేతి గంజి తాగి వచ్చినాడు. మానీసి ఎన్నేళ్ళయిందో ఈ ఊరంతా ఎరుగుదురు. అడగండి! ఒరే, సెప్పండ్రా, కూకున్నారుగా కుర్సీల్లో!"

కుర్చీల్లోవాళ్ళు టీ కప్పుల లోపలికి చూసుకున్నారు.

"బాబూ," అంది ఆవిడ హెడ్డు గారితో, గొంతు తగ్గించి. "తాగి సచ్చిపోనాడని రాస్తే మా చర్చి పెద్దలు ఈడ్ని గుడి లోపలికి రానీరు. మాటిచ్చి తప్పినోడని ఇంటికాడ్నించి తిన్నగా గోతికి తోలీమంతారు. నలుగురి ముందర సాచ్చం సెప్పిన సోటే ఈడి పెట్టె దించాల. నాకింకేటీ వద్దు. ఆ ఒక్క మాట తీసీండి."

"అలగ తీసీడానికి ఇదేటి బియ్యంలో రాయా?" అన్నారు హెడ్డు గారు. "కోతలో తేల్తాది. కడుపులోది లేబుకెల్తాది. రిపోర్టొస్తాది."

"ఎప్పుడొస్తాది?"

"వచ్చినప్పుడు."

చెట్టంత మనిషి సాయంత్రానికి గోతిలోకి పోవాలి. రిపోర్టు వచ్చినప్పుడు వస్తుంది. ఆవిడ నావైపు చూసింది, పెన్ను నా చేతిలో ఉంది కనుక. నాకు చాలా అసహ్యం వేసింది. ఎవరి మీదో స్పష్టంగా చెప్పలేను. అక్కడ అసహ్యానికి కొరత లేదు, పంచుకోడానికి మనుషులకీ కొరత లేదు.

మావ నా కుర్చీ వెనక్కి వచ్చి చెవిలో అన్నాడు. "ఒరే అల్లుడా, సంతకం పెట్టీసి ఇంటికి పో. ఆల్లకి సెయ్యాల్సింది నాను సేస్తాను. నీకెందుకు?"

"నాకేటీ లేదు మావా. మందు వాసనే పడతల్లేదు."

అంతలో ఎస్సై గారి జీపు వచ్చింది. కుర్రాడు, గోదావరి వైపు మనిషి. గోగు కంపు జీవితంలో మొదటిసారి తగిలినట్టుంది, జీపు దిగిన కాలు మళ్ళీ ఎక్కబోయి ఆగింది. పెద్దగా మాట్లాడలేదు. నోరు తెరిస్తే లోపలికి వెళ్తుందని కావచ్చు.

"అయిందా?"

"అయింది సార్. సంతకాలే."

"పంచాయతీదార్లకి చదివి వినిపించారా?"

వినిపించలేదు. ఎవరూ వినిపించరట. కానీ చదివి వినిపించగా సరియని ఒప్పుకొని సంతకములు చేసితిమి అని కింద ముందే రాసి ఉంది. ఎస్సై గారు కొత్తవాడు కాబట్టి రాసిందాన్ని నమ్మే అలవాటు ఇంకా పోలేదు. "చదవండి," అన్నారు.

రాసింది నేనే కాబట్టి చదివేదీ నేనే. లేచి నిలబడ్డాను. మా బడిలో పద్యాలు ఒప్పజెప్పే గొంతుతో మొదలుపెట్టాను. తల తూర్పు, కాళ్ళు పడమర, ఖాకీ నిక్కరు, పాత మచ్చ. మృతుని నోటినుండియు వంటినుండియు మద్యం వాసన గట్టిగా వచ్చుచున్నది. అక్కడ ఆపకుండా, అదే గొంతుతో, కాగితం మీంచి కళ్ళెత్తకుండా ముందుకి సాగాను.

"టార్పాలిన్ నుండియు అదే వాసన వచ్చుచున్నది. రెండవ పంచాయతీదారు గారి మీసముల నుండియు వచ్చుచున్నది. రాయుచున్న వాని ఎడమ చెప్పు నుండియు వచ్చుచున్నది. హెడ్ కానిస్టేబుల్ గారు ముక్కునకు కట్టుకొన్న రుమాలు నుండి అన్నింటికన్నా మిక్కిలి గట్టిగా వచ్చుచున్నది. కావున మృతుడును, మేమును, హెడ్డు గారును, రుమాలును, ఒకే సీసా తాగి యుందుమని పంచాయతీదార్లమైన మా ఏకాభిప్రాయము."

రెండో పెద్దమనిషి మీసం తుడుచుకున్నాడు.

"ఏంటిది?" అన్నారు ఎస్సై గారు. "అలా రాసుందా?"

"లేదు సార్. అది రాయడం మర్చిపోయాం."

ఎస్సై గారు నన్ను చూశారు, తర్వాత హెడ్డు గారిని. చేయి చాపారు. హెడ్డు గారు చాలాసేపు అర్థం కానట్టు నిలబడి, చివరికి రుమాలు విప్పి ఇచ్చారు. ఎస్సై గారు దాన్ని ముక్కు దాకా తీసుకెళ్ళి, దూరంగా పట్టుకుని, జీపు బానెట్ మీద పడేశారు.

"శవం మీద మందు ఎవరు పోశారు?"

సావాసగాడే ముందుకొచ్చాడు. కాళ్ళు తూలుతున్నాయి, మాట మాత్రం తిన్నగా ఉంది.

"నానే బాబుగోరు. పాత సావాసం. ఆడి వంతు ఆడికి పోసినాను. ఆడు తాగనేదు. ఆడు తాగితే నానెరగనా? నా సావు నాను సచ్చినా తాగించలేకపోనాను."

భార్య అతని వైపు చూసింది. చెంప మీద కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "ఎర్రి నాకొడకా," అంది, అంతే. అతను అక్కడే కూర్చుని ఏడ్వడం మొదలుపెట్టాడు. ఆ ఏడుపులో కూడా కంపు.

ఎస్సై గారు నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, వాసన ముక్కా మైకం ముక్కా రెండు గీతలతో కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేశారు. తర్వాత పెన్ను ఊపుతూ గుంట వైపు చూశారు.

"మరి ఎలా పోయాడు? లోతెంత?"

"నడుం లోతు సార్," అన్నాను. "ఈ నీళ్ళలోనే ఇరవై ఏళ్ళుగా నిలబడుతున్నాడు. ఆయన తాగలేదంటే నీళ్ళే తాగి ఉండాలి."

"పోస్టుమార్టంలో తేల్తాది, సార్," అన్నారు హెడ్డు గారు ఖాళీ ముక్కుతో. "గుండాగిపోయుంటాది."

అప్పుడు ఆవిడ లేచింది. గట్టు వెంట నడిచి, ఒరిగిన గోగు పుల్ల దగ్గర ఆగి, కిందికి వంగి, నీళ్ళలోకి జారిన తీగ మీద చెయ్యి వేయబోయింది.

"ఒసే, ముట్టుకోకే! సచ్చిపోతావు!"

అరిచింది మా మావ.

ఆ తీగలో కరెంటు లేదు. లేదని ఆ గట్టు మీద అందరికంటే బాగా తెలిసింది ఆయనకే, ఫీజు ఆయన జేబులోనే ఉంది. అయినా గుండెలు పగిలేలా అరిచాడు. ఉదయం నుంచి మావ నోట వినబడిన మొదటి నిజమైన మాట అది. పాపం, పొరపాటున.

ఆవిడ తీగని అలాగే పట్టుకుని పైకి లేపింది. పాలిథిన్ ఊడిన చోట రాగి మెరిసింది.

"సావలేదు బాబూ," అంది మావతో. "పొద్దున్న అరవాల్సింది."

ఎస్సై గారు స్తంభం దగ్గరి ఖాళీ డబ్బా చూసి, మావ దగ్గరికి నడిచి, ఉబ్బి ఉన్న ఆయన చొక్కా జేబు వైపు వేలు చూపించారు. మావ ఫీజు తీసి చేతిలో పెట్టాడు. వేలిముద్ర దగ్గర్నుంచి ఓటు దాకా ఆయన ఏ పనీ ఇంత బుద్ధిగా చేయలేదు.

కొట్టేసిన దాని కిందే మళ్ళీ మొదటినుంచీ రాశాం. ఈసారి చేతులు కడిగించారు. సావాసగాడే బిందెతో నీళ్ళు పోసి, పీచు ఒలిచి, తన లుంగీతో తుడిచాడు. కుడి అరచేతిలో మాడిన గీత బయటపడింది, తెల్లగా, వేలెడు పొడవు. అది రాశాను. పెద్దమనుషుల్లో ఇద్దరికి అప్పటికప్పుడు కడుపునొప్పి వచ్చి ఇంటికెళ్ళిపోయారు. పాపం, తాళలేకనే. మిగిలిన ముగ్గురం సంతకాలు పెట్టాం. విద్యుత్ తీగ తగిలి మరణించి యుండవచ్చునని. యుండవచ్చును అన్నది ఎస్సై గారి ముక్క. ఆయన కొత్తవాడే కానీ మరీ అంత కొత్తవాడు కాదు.

మావ వెళ్ళేటప్పుడు నావైపు చూసి, "మేనమామనురా నాను," అన్నాడు.

"అది రాయమన్నారు కాదు మావా, లేపోతే రాసుందును."

పట్నం ఆసుపత్రి వెనక కోత గది సంగతి ఎక్కువ రాయను. అక్కడ కూడా బయట ఒక కొట్టుంది, అక్కడ కూడా టీ ఉంది, పకోడీ కూడా ఉంది. లోపలికి వెళ్ళొచ్చిన చేతులే కాగితం చుట్టి పకోడీ అందుకుంటున్నాయి. నేను తినలేదు. చాలా గొప్పగా చెప్పుకుంటున్నానని కాదు, నూనె పాతది. మధ్యాహ్నం దాటాక కుట్టిన శవాన్ని తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. కడగలేదు, లేదా కడిగినట్టు రాసుకున్నారు. ఆటోలో ఆవిడ ఒడిలో తలా, నా ఒడిలో కాళ్ళూ. దారిపొడవునా గోగు కంపూ మందు వాసనా కలిసి వస్తూనే ఉన్నాయి. ఆటో అతను ఊదొత్తి వెలిగించి అద్దం దగ్గర గుచ్చాడు. ఇప్పుడు వాసనలు మూడు.

చర్చి గుమ్మం దగ్గర సంఘ పెద్దలు ముగ్గురు నిలబడి ఉన్నారు. శవపెట్టె వాళ్ళ ముందు నుంచి వెళ్తుంటే ముగ్గురి ముక్కులూ ఒకేసారి కదిలాయి. అందులో పెద్దాయన నోరు తెరవబోయాడు. ఆవిడ పెట్టె ఆపించి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏటయ్యా?"

"అది కాదమ్మా... వాసన..."

"పంచనామాలో నేదు."

ఆయన నన్ను చూశాడు. పెద్దమనిషిని కదా.

"నేదండి," అన్నాను. "కొట్టీసినారు. ఎస్సై గారి సంతకం కూడా ఉన్నాది."

ఆయన తల వంచుకుని పక్కకి జరిగాడు. పెట్టె లోపలికి వెళ్ళింది, పోయినాయన నిలబడి సాక్ష్యం చెప్పిన చోటే దించారు. పాస్టరు గారు ఆయన తాగుడు మానిన సంగతి చాలాసేపు, చాలా బాగా చెప్పారు. ముందు వరసలో ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకునే రుమాళ్ళు ముక్కుల మీదే ఉంచుకుని విన్నారు. పొద్దున మనిషిని తాగుబోతుని చేసిన వాసన సాయంత్రం దాకా అలాగే ఉంది, ఏమీ తగ్గలేదు. ముక్కులే మారాయి. నిజం గెలిచిందని ఎవరైనా అంటే నాకు వాంతి వస్తుంది.

సావాసగాడు బయట గోడకి ఆనుకుని కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రానన్నాడు, "నా దగ్గర నిజంగానే వస్తాది," అని.

కేసు ఉంది. వాయిదాలున్నాయి. మావ నాతో మాట్లాడడం లేదు, మా అమ్మ మాత్రం తమ్ముడికి గిన్నెలో పెరుగు పంపిస్తుంటుంది, గిన్నె తిరిగొస్తుంది. కడుపులోది లేబుకి వెళ్ళింది, రిపోర్టు వచ్చినప్పుడు వస్తుంది. గుంటలో ఈ ఏడూ గోగు వేశారు. తీగకి ఈసారి కొత్త పాలిథిన్ సంచి చుట్టారు, బట్టల షాపుది, చాలా అందంగా ఉంది. వెళ్ళి ఎస్సై గారికి చెప్పాను. ఆయన బదిలీ అయిపోయారట. హెడ్డు గారున్నారు. పెన్ను ఉందా అన్నారు.

నిరుడు ఆ సాయంత్రం గోతిలో మట్టి వేశాక ఆవిడ నా దగ్గరికి వచ్చింది. ఏదో పెద్ద మాట అంటుందని, దానికి నేను ఏమనాలో ఆలోచించుకుంటున్నాను.

"బాబూ," అంది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "నువ్వు ముందు కుళాయి కాడికెల్లి సబ్బెట్టుకుని కడుక్కో. నీ దగ్గర మందు కంపు కొడతన్నాది. ఎవులైనా సూస్తే తాగినావనుకుంతారు."